మళ్లించిన పైపు

పదిహేనా, పదహారా, ఇందాక తామరాకు కింద నుంచి తీసిన చిన్నదాన్ని కలుపుకుంటే పదహారే, కలుపుకోకపోతే మాత్రం ఏం పోయింది, బతికింది ఒక్కటీ లేనప్పుడు చచ్చినవాటికి లెక్క దేనికి, అనుకుంటూనే హనుమంతమ్మ పొడుగుకర్ర చివరి వలను మళ్లీ కుంటలోకి దించింది, పొద్దు ఇంకా గుట్ట ఎక్కనే లేదు, అప్పుడే గట్టు రాళ్లు వెచ్చబడుతున్నాయి, నీళ్లు మాత్రం అడుగున పరిచిన గులకరాళ్లు కనిపించేంత తేటగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉన్నాయి, నిన్న మధ్యాహ్నం గట్టు దగ్గరికి వచ్చి నోరు తెరిచి కాపలా ఈరప్ప వేళ్లు చప్పరించిన ఎర్రచేప ఇప్పుడు తెల్లటి కడుపు పైకి పెట్టుకుని వలలోకి దానంతటదే వచ్చింది, బకెట్లో వేస్తే తడిబట్ట పడ్డట్టు చప్పుడు, మెల్లగా జారవిడిచినా అదే చప్పుడు, సావుకారి కారు దిగగానే చెప్పేయాలి, కారు తలుపు వేయకముందే చెప్పేయాలి, సావుకారీ, నిన్న ఈతతొట్టి నీళ్లు నేనే ఈ కుంటలోకి మళ్లించినా, తప్పయిపోయినాది, ఇంతే కదా, ఈ నాలుగు మాటలను ఇన్నిసార్లు లోపల చెప్పుకోవడం ఎందుకు, భరత్‌కుమార్ సావుకారి మంచివాడే, హిందూపురంలో బట్టలంగడి, బెంగుళూరులో ఇల్లు, శనాదివారాలకు ఈ తోటకు వస్తాడు, కోప్పడితే కోప్పడతాడు, పొమ్మంటే, పొమ్మంటే అన్న దగ్గర ఆలోచన కాలుజారినట్టు ఆగి మళ్లీ మొదటికి వచ్చింది, పదిహేనా, పదహారా.

చంపాలని చేయలేదు, చూడలేక చేసింది, వారానికోసారి ఈతతొట్టి ఫిల్టరు కడగాలి, పిడి తిప్పితే నీళ్లు ఇసుకలో వెనక్కి పారి, పట్టిన మురికంతా లాక్కుని లావు పైపులోంచి కంచె అవతలి వంకలోకి పోతాయి, మొదట టీ నీళ్లలా, ఆ తర్వాత తేటగా, తేటబడ్డాక ఇంకాసేపు పోనివ్వాలని నెలకోసారి వచ్చే మెకానిక్కు జయచంద్ర నేర్పాడు, ఆ ఇంకాసేపు ఉందే, అది తొట్టి కట్టినప్పటి నుంచి, రెండేళ్లుగా, ప్రతి వారం ఆమె గుండెను కోసేది, తేట నీళ్లు, బిందెలకు బిందెలు, రాళ్లలో పడి ఒక్క గడ్డిపోచనైనా లేపకుండా ఇంకిపోతుంటే ముఖం తిప్పుకునేది, అత్త బతికున్న కాలంలో ఇంటికి చుట్టాలొస్తే వాకిట్లో కాళ్లు కడుక్కోనిచ్చేది కాదు, సొరపాదు మొదట్లోకి పోయి కడుక్కోండప్పా, రెండు కాయలన్నా కాస్తాయి, అనేది, బియ్యం కడిగినవి బర్రెకు, ముఖం కడిగినవి కరివేపాకుకు, నీళ్లు ఒక్కసారి వాడి పారబోసేవాళ్లను ఆ ఇంట్లో దొంగను చూసినట్టు చూసేవాళ్లు, ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు మెలిగిన చెయ్యి నిన్న సాయంత్రం పైపును పట్టుకుంది, ఎండలకు చేపల కుంట జానెడు దిగి ఉంది, పైపుకూ కుంటకూ మధ్య నాలుగడుగులు, తిప్పితే చాలు, తిప్పింది, నీళ్లు గట్టు అంచుకు ఎక్కుతుంటే ఎంత సంతోషం వేసిందో, తొట్టిలో పురుగు చేరకుండా వేసే ఈ మందు నీళ్లు చెట్లకు పెట్టొద్దమ్మా, ఆకు మాడతాది, అని జయచంద్ర చెప్పాడు, చేపల సంగతి చెప్పలేదు, అట్లా ఎవరైనా చేస్తారని అతనికి తోచి ఉండదు, బెంగుళూరులో పని నేర్చినవాడు, పిల్లలు ఆ నీళ్లలో మునిగి తేలి పుక్కిలించి ఉమ్ముతారు, వాళ్లకేమీ కానిది చేపలకేమవుతుందిలే అనుకుంది, ఆకు మాడే నీళ్లకు చేప మాడదా అని ఒక్కసారి, ఒక్కసారైనా అనుకుని ఉంటే.

ఈ మూడెకరాలూ లింగన్నవే, ఆమె మొగుడివి, ఇప్పుడు కారు నిలిపేచోట ఐదో బోరు వేశాడు, పూలకుండీలు పేర్చినచోట ఆరోది, ఏడోది వేసిన రోజు తొమ్మిదొందల అడుగులకు పోయినా తెల్లటి దుమ్మే లేచింది, దుమ్ము తల మీద, మీసాల మీద, కనురెప్పల మీద, అంత దుమ్ములో నిలబడి నవ్వుతూ, ఏమ్మే, పిండిమిషను పెట్టుకుందామా ఇంక, అన్నాడు, అదే చివరి నవ్వు, ఆ యేడు దాటలేదు, మంచం పట్టి లేవలేదు, ఆమె పొలం సావుకారికి అమ్మింది, ఆయన తెచ్చిన బోర్లు వేసే పెద్దబండి ఆ ఏడో బోరుకు నలభై అడుగుల దూరంలో దిగి పదకొండొందల అడుగుల లోతున నీళ్లు కొట్టింది, ఊరు ఊరంతా వచ్చి తడిసింది, అరిచింది, ఆమె కంచె పక్కన నిలబడి తడవకుండా ఇంటికి పోయింది, మూడోనాడు తనే వచ్చి పని అడిగింది, జీతం ఎంతో అడగలేదు, అమ్మకుండా మిగుల్చుకున్న కంచె అవతలి అరెకరంలో లింగన్న పెట్టిన ఆరు చీనీ చెట్లు, బత్తాయి కాసేవి, ఉన్నాయి, వాటికి సాయంత్రం పూట పది బిందెలు ఇయ్యల్ల సావుకారీ, అదొక్కటే, అంది, పదేంది, పన్నెండు తీసుకోమ్మా, నీళ్లకేమి, అని ఆయన నవ్వాడు, ఊరికి ట్యాంకరు నాలుగు దినాలకోసారి వస్తుంది, ఇంటికి రెండు బిందెలు, అవి తాగాలా చెట్లకు పోయాలా, ఈ పని పోతే ఆరు చెట్లూ నెల తిరగకుండా కట్టెలవుతాయి, ఇది ఎవరికీ చెప్పనక్కర లేదు, ఎండే చెబుతుంది.

తొట్టి మందు డబ్బా మీద బొమ్మ ఉంది, అది ఇంకా ఘోరం, ఉగాది ముందు ఈరప్ప ఆ మందు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తూ, అక్కా, ఈడ సూడు, చెట్టు ఎండిపోయిండాది, పక్కన చేప ఎల్లకిలా పడిండాది, మన అనంతపురం బొమ్మ వీళ్లకెట్ల దొరికినాదో, అన్నాడు, ఆమె పగలబడి నవ్వింది, నవ్వి, నాకు చదువొస్తాది లేప్పా, బొమ్మలు నువ్వు సూసుకో, అంది, ఎంత పొగరు, యాభై దాటాక కృపాకుమారి టీచరు దగ్గర పలక పట్టి నేర్చిన అక్షరాలు, అంతకుముందు ఆమెకూ బొమ్మలే దిక్కు, ఎరువు సంచి మీద ఎద్దు బొమ్మ, నొప్పుల మాత్ర మీద ఎర్రగీత, బస్సుకు రంగు, ఒక్కటీ తప్పిపోయేది కాదు, అక్షరాలు వచ్చినప్పటి నుంచి బొమ్మ చూడటం నామోషీ అయింది, డబ్బా చుట్టూ చూసింది, ఎక్కడా తెలుగు అక్షరం లేదు, లేదు కాబట్టి తనకు చెప్పేదేమీ లేదనుకుంది, మొన్న గురువారం, ఆదివారం పండగకని, ఒక కొలత మందుకు రెండు కొలతలు పోసింది, సావుకారి పాప ఐశ్వర్య పుట్టినరోజు, స్నేహితులు వస్తారు, తొట్టి నీళ్లు అద్దంలా ఉండల్ల హనుమంతమ్మా, అని సావుకారి ఫోన్లో చెప్పాడు, అద్దంలా ఉన్నాయి, ఈ కుంట నీళ్లూ అద్దంలా ఉన్నాయి.

కారు వచ్చింది, వచ్చిందని టైర్ల కింద కంకర చెప్పింది, వల చేతిలోనే ఉంది, చెప్పేయాలి, ఈరప్ప మోటారు గది దగ్గర నుంచి తలగుడ్డ తీస్తూ నడిచివస్తున్నాడు, ఆ గదిలోనే అతని పక్క, అతని పొయ్యి, తోటకు కాపలా ఉంటూ ఈ చేపలకు మేత వేస్తాడు, ఒక్కో చేపకు ఒక్కో పేరు పెట్టాడు, గౌడమ్మ, సబినిస్పెట్టరు, ఏనుగు, సావుకారి దిగాడు, తలుపు వేశాడు, వేయకముందే చెప్పాలనుకుంది కదా, వేశాడు, కుంట చూశాడు, బకెట్లు చూశాడు, ఏమైందిరా ఈరప్పా ఇది, అన్నీ సచ్చినాయే, తెల్లారి చూస్తే ఇట్లుండాయి సామీ, రాత్రి తాగినావా, లేదు సామీ, సోమారం తప్ప ముట్టను, మీకు తెలీదా, నీ సోమారం నాకు తెలుసులే, మత్తులో ఏం కలిపినావు మ్యాతలో, ఏం కలప్లేదు సామీ, రోజూ ఏసేదే ఏసినా, మ్యాత తిని ఇన్ని చేపలు ఒక్క రాత్రిలో సస్తాయా, రేపు నా కూతురు వచ్చి అడిగితే ఏం చూపిచ్చల్ల, బకెట్లు చూపిచ్చల్లా, సావుకారి గొంతు పెద్దదైంది, ఈ మాటల మధ్య ఎక్కడో ఒక సందు ఉంటుంది, అందులో తన నాలుగు మాటలు దూర్చాలి, ఇప్పుడు, కాదు, ఆయన ఊపిరి తీసుకున్నాక, ఆయన ఊపిరి తీసుకున్నాడు, తీసుకుని ఆమె వైపే తిరిగాడు, హనుమంతమ్మా, నువ్వు చెప్పు, నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు, వీడు ఈడేమన్నా కలపడం చూసినావా, అడిగాడు, ఆయనే అడిగాడు, వెతుక్కునే పని లేకుండా సందు ఆమె ముందుకే వచ్చి నిలబడింది, ఈరప్ప కూడా ఆమె వైపు చూశాడు, భయంగా కాదు, బస్సు కోసం చూసినట్టు, వస్తుందని తెలిసి చూసినట్టు చూశాడు, సావుకారి భుజం మీదుగా కంచె, కంచె మీదుగా చీనీ చెట్ల తలలు, మొన్న వేసిన చిగురు ఇంకా లేతగా ఎండలో మెరుస్తోంది, నాకు తెలీదు సావుకారీ, అంది, ఎవరో అన్నట్టు వినబడింది, అన్నది తనే, ఈరప్ప ఆమె మీద నుంచి చూపు తీసి, నేల చూసి, అట్లే అనుకో సామీ, అన్నాడు, పొద్దెక్కే లోపల ఈడ కనపడొద్దు, అన్నాడు సావుకారి, తర్వాత ఫోను తీసి బెంగుళూరు చేపలంగడికి చేశాడు, ఎర్రవి ఇరవై, తెల్లమచ్చలవి పది, సాయంత్రానికి పంపించండి, మూడు నిమిషాల పని.

ఈరప్ప సామాను ఒక సంచిలో పట్టింది, పదేళ్ల కాపలా, సంచి కూడా నిండలేదు, గేటుకు దారి కుంట పక్కనుంచే, అతను ఆగుతాడని ఆమెకు తెలుసు, ఆగకపోతే బాగుండు, ఆగాడు, యాడికి పోతావప్పా, అని అడిగింది, ఈ మాటకు మాత్రం నోరు ఎట్లా లేచిందో, బెళుగుప్పకి పోతా అక్కా, ఆడ తమ్ముడుండాడు, పెండ్లాము ఒప్పుకుంటే వారం పెట్టుకుంటాడు, ఒప్పుకోకుంటే గుడి అరుగుంది, అని సంచి భుజం మార్చుకున్నాడు, తర్వాత గొంతు తగ్గించి, నిన్న నువ్వు పైపు తిప్పేది సూస్తానే ఉన్న్యా, అన్నాడు, బొమ్మ మతికొచ్చినాది, ఆపల్లనుకొంటి, మళ్లా అక్క సదువుకున్నది కదా, తెలిసే చేస్తాంటాదిలే అనుకొంటి, ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది, ఎత్తిపొడుపైతే తిరిగి ఒక మాట అనొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, అందులో ఏమీ లేదు, ఉన్నమాట ఉన్నట్టు, అంతే, కొత్త చేపలొస్తే మొదటి దినం మ్యాత ఎయ్యొద్దు, బెదిరుంటాయి, రెండో దినం ఏళ్లతో నీళ్లు కదిలిచ్చు, అవే వస్తాయి, అని చెప్పి నడిచాడు, గేటు దాటాక కుడికి తిరిగాడు, బస్టాండు ఎడమకు కదా, డబ్బులు లేవేమో, కొడికొండ చెక్‌పోస్టు దాకా నడిచి లారీ ఎక్కుతాడేమో, పిలవొచ్చు, ఇంకా పిలుపందే దూరంలోనే ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, ఇంకా కొంచెం ఉన్నాడు.

కుంట ఖాళీ చేయాలి, రాళ్లు తోమాలి, సాయంత్రం లోపల మంచినీళ్లు పట్టి కొత్తవాటికి సిద్ధం చేయాలి, ఆమె అడుగు మూత తీసింది, చీర పైకి దోపి దిగింది, బ్రష్షు పట్టింది, సాయంత్రం చేపలొచ్చాక చెబుతుంది, అప్పటికి సావుకారి కోపం దిగుతుంది, సాయంత్రం వద్దు, చేపలు తెచ్చినవాళ్లుంటారు, రేపు పాప కేకు కోశాక, పాప నవ్వుతుంటే తండ్రి మెత్తబడతాడు, అప్పుడు పక్కకు పిలిచి చెబుతుంది, ఈరప్పను పిలిపించండి సావుకారీ, తప్పు నాది, అంటుంది, కానీ పుట్టినరోజు పూట ఏడుపు మాట ఎందుకు, సోమవారం ఫోను చేసి చెబుతుంది, ఫోన్లో ముఖం కనపడదు, తేలిక, అయినా ఈరప్పకు తమ్ముడున్నాడు, తనకెవరున్నారు, అయినా సోమవారం సోమవారం తాగేవాడే కదా, ఏనాటికైనా సావుకారి వాణ్ని పంపేసేవాడే, అయినా ఆ నీళ్లవల్లే అని ఎవరు చెప్పగలరు, నిన్న మేత కూడా కాస్త ఎక్కువే పడింది, రోజూ ఒక గుప్పెడు, నిన్న రెండు గుప్పెళ్లు వేశాడు, అవును, రెండోసారి సంచిలో చెయ్యి పెట్టడం తను చూసింది, అనుకుంది, అనుకుని, బ్రష్షు పట్టిన చెయ్యి ఆగిపోయింది, చూడలేదు, నిన్న మేత వేసే వేళకు తను చెట్లకు బిందెలు మోస్తోంది, చూడనే లేదు, ఎవరూ అడగకుండానే మనసు ఆ రెండో గుప్పెడును తయారు చేసింది, రేపటికి దానికి రంగు వేస్తుంది, ఎల్లుండికి అది నిజంగా జరిగినట్టే ఉంటుంది, ఎవరైనా అడిగితే ఒట్టు వేసి కూడా చెప్పగలదు, ఆమె ఎండలో, ఖాళీ అవుతున్న కుంట నడుమ, వంగిన నడుమును ఎత్తకుండా అట్లాగే నిలబడి ఆ మనసును ఎవరిదో చూసినట్టు చూసింది, చూసి తెలుసుకుంది, సాయంత్రం చెప్పదు, రేపు చెప్పదు, సోమవారం ఫోను చేయదు, తాను ఏనాటికీ చెప్పదు.