నమలాల్సిన నీళ్లు

ఆ ఇంట్లో సాయంత్రం ఏడింటికి భోజనాల బల్ల సర్దడం పెద్దకూతురి పని. పదమూడేళ్ల పెద్దది పళ్లెం పెడితే, ఆరేళ్ల చిన్నది వేలు పెట్టి కొలిచేది. బల్ల అంచుకీ పళ్లేనికీ మధ్య బొటనవేలి మొదటి కణుపంత ఎడం ఉండాలి. ఫోర్కు ఎడమకి. కత్తి కుడికి, పదును పళ్లెం వైపు. చెంచా కత్తి పక్కన. గ్లాసు సరిగ్గా కత్తి మొనకి పైన.

"నా వేలితో కొలవనివ్వరు గానీ, కొలిస్తే పళ్లెం పక్కింట్లో ఉండేది," అనేవాడు తండ్రి. ఆయన సిటీ బస్సు నడుపుతాడు, చేతులు పెద్దవి. ఆ మాట రోజూ అనేవాడు, చిన్నది రోజూ నవ్వేది.

తల్లి నవ్వేది కాదు. స్టేషనుకి ఎదురుగా ఉన్న హోటల్లో ఆవిడ పని. బల్లగుడ్డలూ నాప్‌కిన్లూ ఇస్త్రీ చేసి మడతపెట్టే గదిలో పదకొండేళ్లుగా ఉంటోంది. అయినవాళ్లందరినీ రెండు రోజుల ప్రయాణమంత దూరంలో వదిలి ఈ ఊరొచ్చిన కొత్తలో, హోటల్లో ఒకసారి బల్ల సర్దమంటే చెంచాలన్నీ ఒక కుప్పగా పోసింది. "మీ వైపు పళ్లేలు విసిరేసి తింటారా అమ్మా?" అంది అక్కడి పెద్దావిడ. అందరూ నవ్వారు. ఆ నవ్వు తన పిల్లల దాకా రాకూడదని ఆవిడ పట్టుదల.

బల్ల మాత్రం ఇంటితోపాటు వచ్చింది. అద్దెకి ఇల్లు చూపిస్తూ ఇంటి యజమాని ముందే చెప్పాడు: "వంటింటి కుళాయి కాస్త కారుతుంది. ఈ బల్ల దగ్గర ఎవరైనా మాట దాచుకుంటే నీళ్లు నమలాల్సి వస్తుంది. రెండూ బాగుచేయిద్దామని చూశాను, కుదర్లేదు." కుళాయి తండ్రి బాగుచేశాడు. నీళ్ల సంగతి అలాగే ఉండిపోయింది.

పెద్ద ఇబ్బందేం లేదు. నోటిదాకా వచ్చిన మాటని ఎవరైనా లోపలికి తోసేస్తే, వాళ్ల గ్లాసులో నీళ్లు చిక్కబడేవి. చూడ్డానికి మామూలు నీళ్లే. నోట్లో పోసుకున్నాక మాత్రం నమిలితే తప్ప గొంతు దిగేవి కావు. బస్సు గోడకి రాసుకున్న సంగతి తండ్రి మూడు రోజులు నమిలి, నాలుగోరోజు దవడ నొప్పి భరించలేక చెప్పేశాడు. చిన్నదానికి ఆ బాధే లేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

తల్లి ఏనాడూ నమల్లేదు. అందరికీ పెట్టాక వంటింట్లో నిలబడి తిని, కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగేది. అంత పద్ధతిగా నాలుగు చోట్లు సర్దిస్తే, నాలుగోది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. "కూర్చోవే ఒక్కరోజైనా," అని భర్త అంటే, "పొయ్యి మీద ఉందండీ," అనేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

పెద్దదానికి లెక్కలు బాగా వచ్చు. రైల్లో ఒక పగలంతా వెళ్తే వచ్చే ఊళ్లో పేరున్న హాస్టల్ బడి ఉంది. తల్లే దరఖాస్తు పెట్టింది. జాబితాలో పిల్ల పేరుందని ఉత్తరం వచ్చిన రోజు హోటల్లో అందరికీ మిఠాయి పంచింది. ఆ సాయంత్రం బల్ల దగ్గర, "సంతోషమేనా?" అని అడిగింది కూతుర్ని. "ఊఁ," అని పెద్దది గ్లాసెత్తింది. చాలాసేపు నమిలింది.

పదిహేను రోజులు నమిలింది. రెండోవారానికి బుగ్గ వాచింది. తల్లి దాన్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన లైటు వేసి చూసి, "పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. మీరు అడగాల్సింది నన్ను కాదమ్మా," అన్నాడు.

దారిలో అడగలేదు. ఇంటికొచ్చాకా అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో ఆవిడకి తెలుసు. అది విన్నాక తనేం చేయాలో మాత్రం తెలియదు. పిల్లని పంపకపోతే రేపు అది కూడా ఏదో గదిలో నిలబడి ఎవరివో నాప్‌కిన్లు మడతపెడుతుంది. పంపితే, జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి వేసేవాళ్లెవరు? ఈ రెండూ ఆవిడ బుర్రలో గిర్రున తిరుగుతూ, హోటల్లో గుడ్డలు మడతపెట్టేటప్పుడు కూడా వినపడేవి.

ఆ ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వార్డెన్ భోజనానికి వస్తున్నారు. పిల్లల్ని చేర్చుకునేముందు ఆవిడ వాళ్ల ఇళ్లకి వెళ్లి చూసి వస్తారట. ఆ రోజు బల్ల తల్లే స్వయంగా సర్దింది. హోటల్‌లోలాగా తెల్లగుడ్డ పరిచింది, అంచులు నాలుగువైపులా సమానంగా వేలాడేలా. ఐదు పళ్లేలు, ఐదు నాప్‌కిన్లు. గ్లాసులు నాలుగు.

పెద్దది తన కుర్చీ వెనక నిలబడి చూసింది. కత్తి మొనకి పైన ఖాళీ.

"అమ్మా, నాకు గ్లాసేది?"

"మంచి గ్లాసులు నాలుగే ఉన్నాయి."

"ప్లాస్టిక్‌ది తెచ్చుకోనా?"

"అతిథి ముందా? అయినా తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగదు," అంది తల్లి, బల్లగుడ్డ మీద లేని ముడత సర్దుతూ.

ఎందుకు పెట్టలేదో పెద్దదానికి అర్థమైంది. అర్థమైనట్టు తల్లికీ అర్థమైంది. గ్లాసు లేని చోటు పెడితే మనిషిని రావద్దన్నట్టేనని ఆ ఇంట్లో పిల్లలకి నేర్పింది ఆవిడే.

వార్డెన్ పన్నెండున్నరకి వచ్చారు. సన్నగా, మోకాళ్ల నొప్పితో నడిచే మనిషి. గొడుగు తలుపు పక్కన ఆనించి, బల్ల చూసి ఆగిపోయారు.

"ఎంత బాగా సర్దారండీ!"

తల్లి ముఖం వెలిగింది. పదకొండేళ్ల నాటి నవ్వు ఆ క్షణం ఆగింది.

ఆ రోజు తల్లి కూడా కూర్చోక తప్పలేదు. సూప్ అయింది. చేప వడ్డించారు. తండ్రి బస్సు కబుర్లు రెండు చెప్పాడు. చిన్నది, "మా నాన్న వేలితో కొలిస్తే పళ్లెం పక్కింట్లో ఉంటుంది," అని చెప్పి తనే నవ్వింది. వార్డెన్ కూడా నవ్వి, పెద్దదాని వైపు తిరిగారు.

"మరి నీకు మా దగ్గరికి రావాలని ఉందా అమ్మా?"

పెద్దదాని చెయ్యి అలవాటుగా కత్తి మొన పైకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఉండి, ఒళ్లోకి వచ్చేసింది.

"ఎందుకుండదండీ! రోజూ అదే మాట," అంది తల్లి. అని, ధైర్యంగా గ్లాసెత్తి పెద్ద గుక్క వేసుకుంది.

దిగలేదు. అలవాటు లేని మనిషి కదా, ముందు కంగారుపడింది. తర్వాత నెమ్మదిగా దవడ ఆడించింది. నమిలేకొద్దీ పెరుగుతున్నట్టున్నాయి నీళ్లు. తండ్రి చేప ముల్లు వెతుక్కున్నాడు. లేని ముల్లు.

"అమ్మ నీళ్లు నములుతోందోచ్!" అంది చిన్నది, పండగొచ్చినంత సంబరంగా.

"కానివ్వండి, తొందరేం లేదు," అన్నారు వార్డెన్.

చాలాసేపటికి మింగి, తల్లి నాప్‌కిన్‌తో పెదాలు అద్దుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి మాత్రం పల్చగానే ఉన్నాయి. పిల్లని అడగాల్సిన మాట పక్కనపెట్టి, అతిథిని అడగాల్సింది అడిగింది.

"అక్కడ రాత్రిపూట ఏడిస్తే ఎవరైనా ఉంటారా అండీ, దగ్గరికి తీసుకోవడానికి?"

"భలేవారే! మీ ఇంట్లో కన్నా బాగా చూసుకుంటాం," అన్నారు వార్డెన్. ఎన్నో ఇళ్లలో, ఎన్నో బల్లల దగ్గర చెప్పి చెప్పి నున్నబడిన మాట అది. చెప్పి గ్లాసెత్తారు.

ఆవిడ నమలడం అందరికీ కనిపించింది. వార్డెన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని, వయసు పైబడిన దవడలతో ఓపిగ్గా నమిలారు. గోడగడియారం ఒంటిగంట కొట్టింది. అప్పటికీ సగమే అయింది.

"నలభై మంది పిల్లలకి నేనొక్కదాన్ని," అన్నారు చివరికి. "మొదటి నెల ఏడుస్తారు. ఒక్కొక్కరి దగ్గరా కాసేపు కూర్చుంటాను. చివరి మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉంటుంది. తర్వాత నెల ఎవరూ ఏడవరు. అలవాటైపోయిందని పెద్దవాళ్లకి ఉత్తరం రాస్తాను." గ్లాసు వైపు చూశారు. "చదువు మాత్రం మంచిదేనండీ. అందులో అబద్ధం లేదు." ఇంకో గుక్క తాగారు. అది సాఫీగా దిగింది.

తల్లి తన ముందున్న గ్లాసు తీసుకుంది. అంచు తుడిచింది. బల్ల మీదుగా వంగి, పెద్దదాని కత్తి మొనకి సరిగ్గా పైన పెట్టింది. కొంచెం పక్కకి జరిగిందనిపించి, మళ్లీ సర్దింది.

"ఇప్పుడు చెప్పు తల్లీ."

"నాకు ఆ బడి ఇష్టమే," అంది పెద్దది. గొంతు బొంగురుపోయింది, పదిహేను రోజుల మాట కదా. "ఇప్పుడే వెళ్లడం ఇష్టం లేదు. ఇప్పుడే కాదు. నువ్వు హోటల్లో మిఠాయి పంచావు. అందుకని చెప్పలేదు."

చెప్పి గ్లాసెత్తింది. నీళ్లు ఎంత పల్చగా ఉన్నాయంటే, నమలడానికి సిద్ధపడిన పిల్ల నోట్లోంచి జారి గడ్డం మీదుగా తెల్లగుడ్డ మీద పడ్డాయి. తల్లి సంసారంలో బల్లగుడ్డ తడిసినందుకు కేకపడని రోజు అదొక్కటే.

వార్డెన్ సంచిలోంచి జాబితా తీసి, ఒక పేరు మీద గీత గీశారు. "రెండేళ్ల తర్వాత పైతరగతులకి ఇంకో జాబితా వేస్తారు. అప్పుడు అడగండి," అన్నారు తలుపు దగ్గర గొడుగు అందుకుంటూ. "గ్లాసు పెట్టి అడగండి."

మర్నాడు సాయంత్రం ఏడింటికి పెద్దది పళ్లేలు పెట్టింది, చిన్నది కొలిచింది. నాలుగు చోట్లు, నాలుగు గ్లాసులు. తల్లి వడ్డించి వంటింటి వైపు రెండడుగులు వేసింది. పొయ్యి ఆరిపోయి ఉంది. వెనక్కి వచ్చి నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మంచి పనే చేశాం అంటావా?" అన్నాడు భర్త, ఎవరినీ చూడకుండా.

"చేశాం," అంది. "నాకేం దిగుల్లేదు."

గ్లాసెత్తి గుక్క వేసుకుంది. నోట్లో నీళ్లు పిండిముద్దలా కదలకుండా ఉన్నాయి. వంటింటి తలుపు తీసే ఉంది, కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆవిడ లేవలేదు. అందరి ముందూ నమిలింది. పెద్దది చెంచా కిందపెట్టి, తల్లి మింగేదాకా ఆగింది.

"ఇంకో గుక్క వద్దులే అమ్మా," అంది. "చెప్పేయ్."

తల్లి బల్ల అంచు పట్టుకుంది.

"భయంగా ఉందే," అంది.