పద్నాలుగో సెకను

హైమావతి కాకినాడ బస్టాండులో నిలబడి ఉంది, కానీ బస్టాండులో ఒక్క బస్సు లేదు, ప్లాట్‌ఫారాల పొడుగునా విస్తళ్ళు వేసి ఉన్నాయి, ఒక్కో విస్తరి ముందూ ఒక్కో మనిషి కూర్చుని చేతిలో ఫోను చూసుకుంటూ కిసుక్కున నవ్వుతున్నాడు, వడ్డించేవాళ్ళు మాత్రం ఎక్కడా కనబడటం లేదు. ఆమె చంకలో ఎనిమిదో తరగతి సైన్సు పేపర్ల కట్ట ఉంది. అదెందుకుందో ఆమెకి తెలీదు గాని, కింద పెడితే ఏదో ఘోరం జరిగిపోతుందని గట్టిగా నమ్ముతోంది. ఎక్కణ్ణించో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వస్తూనే ఉంది. ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమంటున్నాయి.

అంత హడావిడిలోనూ, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద, తీరుబడిగా కాళ్ళు చాపుకుని శ్రీకర్ కూర్చుని ఉన్నాడు. ఆమె మరిది. ఆమె ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చేనాటికి తొమ్మిదేళ్ళవాడు, ఆమె చేతి ముద్దలు తిని, ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకుని పెరిగినవాడు, కిందటేడు ఇదే నెలలో, ముప్ఫై రెండేళ్ళ వయసులో, హైదరాబాదులో మోటారు సైకిలు మీద వెళ్తూ లారీ గుద్ది పోయినవాడు. పోయాడన్న సంగతి ఆమెకి కలలో కూడా గుర్తుంది. కాకపోతే అదేదో వాడు చేసిన అల్లరి పనిలా తోస్తోంది, చెవి మెలిపెట్టాలని ఉంది.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయేవురా? ఒక్క ఫోను లేదు, ఒక్క మెసేజీ లేదు."

"సిగ్నల్ లేదు వదినా, నేనేం చెయ్యను," అంటాడు వాడు. చచ్చిపోయినవాడికి అంత నిర్లక్ష్యం పనికిరాదు గాని, మొదట్నించీ వాడి వరసే అంత. "ముందిది చూడు. చూసి నంబరు చెప్పు."

వాడి ఫోనులో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని మహా నిష్ఠగా ప్రాణాయామం చేస్తున్నాడు, వెనక నుంచి ఓ మేక వచ్చి ఆయన పంచె అంచు నెమ్మదిగా నములుతోంది, ఊపిరి వదిలితే లెక్క తప్పుతుందని ఆయన కదలడు, అక్కడ పంచె తరిగిపోతోంది. హైమావతికి నవ్వు తన్నుకొచ్చింది.

నంబరంటే వాళ్ళిద్దరి అలవాటు. వాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ రోజుకి నాలుగైదు నవ్వు వీడియోలు పంపేవాడు. ఆమె చూసి, ఎన్నో సెకను దగ్గర నవ్వొచ్చిందో ఆ అంకె పంపాలి, అంతే. బావుంది అనకూడదు, నవ్వు బొమ్మలు పెట్టకూడదు. బొమ్మలు చూడకుండా కూడా పెట్టేయొచ్చు, అంకెతో అబద్ధం ఆడలేవు వదినా, అని వాడి వాదన. ఇద్దరి అంకె ఒకటైతే ఆ పూటంతా పండగే. ఆమె మొగుడు మాధవరావు ఓసారి ఆమె ఫోను చూసి, వరసగా ఏడు, ఇరవై రెండు, నలభై అని ఉంటే, ఇదేం చదువే తల్లీ అని దణ్ణం పెట్టేశాడు.

ఇప్పుడు నవ్వయితే వస్తోంది గాని నంబరు నోటికి రావడం లేదు. నాలుక మీద ఒక్కటే అంకె ఉంది, అది పైకి అనకూడని అంకె. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా ఫోన్లు దించి ఆమె వంకే చూస్తున్నారు.

"సర్లే, పద," అని వాడు లేచి నడుస్తున్నాడు, ఆమె పేపర్ల కట్టతో వెనకాలే పరిగెడుతోంది, ప్లాట్‌ఫారం చివర మెట్లు దిగేసరికి అది ఆమె పాఠాలు చెప్పే హైస్కూల్లో స్టాఫ్ రూము. టీచర్లంతా ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. అందులో, ఆడపిల్లలా ఒయ్యారంగా నడిచే ఒక కుర్రవాణ్ణి నలుగురు మొనగాళ్ళు వీధిలో నిలబెట్టి, చీర కొంగు కప్పి, డాన్సు చెయ్యమని దబాయిస్తున్నారు. మూగినవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. ఇది కల కాదు, మొన్న జూన్‌లో జరిగిందే, అందుకే హైమావతికి చెమటలు పడుతున్నాయి.

"దీనికెంత వదినా?" వాడు ఆమె చెవి దగ్గర అడుగుతాడు.

"దీనికి నేను నవ్వలేదురా. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టేసినా ఇప్పుడు నాకయ్యేదేం లేదు గాని, మరేం చేసేవు?"

"ఆ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేసేను."

"ఎందుకొచ్చేసేవని అడిగుంటారే?"

"ఫోను పాడైందన్నాను."

వాడు పొట్ట పట్టుకుని బెంచీ మీద కూలబడిపోతాడు. "ఫోను పాడైందా! ఎంత తిరుగుబాటు వదినా, జెండా ఒక్కటే తక్కువ!"

ఆమెకి ఒళ్ళు మండింది. "నవ్వకు. నువ్వు పోయేక నేనెంత చదివేనో తెలుసా నీకు? కోర్టు తీర్పు చదివేను, మీవాళ్ళు మాట్లాడినవన్నీ కూర్చుని విన్నాను. మగాడు మగాణ్ణి ప్రేమిస్తే ఎవడికొచ్చిన నష్టమేంటి? మా అందరికీ ఉన్న హక్కులు మీకెందుకుండకూడదు? నేను పూర్తిగా మీవైపేరా."

"ఎక్కడ?"

"మనసులో."

"మనసులో ఉంటే మాకెలా కనబడుతుంది?"

వాడి గొంతులో వెటకారం లేదు. అర్థంకాని లెక్క అడిగినట్టు నిజంగానే అడుగుతున్నాడు. ఆమె మొహం చెల్లక కిటికీ వైపు తిరిగింది, కిటికీ బయట స్కూలు మైదానం ఉండాల్సిన చోట హైదరాబాదు రోడ్డు ఉంది, రోడ్డు నిండా జనం, రంగురంగుల జెండాలు, డప్పులు. ఆ రోడ్డు ఆమెకి బాగా తెలుసు. ఏడాదిలో వందసార్లు చూసింది.

ఆ వీడియో శ్రీకర్ పోవడానికి ఏడు నెలల ముందు పంపాడు. మూడు నిమిషాల నలభై సెకన్లు. మొదట్లో డప్పులకి చిందులేస్తున్న ఓ భారీ మనిషి, తలమీద నెమలిపింఛాల కిరీటం, పద్నాలుగో సెకను దగ్గర కిరీటం జారి ముక్కు మీద కూర్చుంటే ఆయన ఆగకుండా అలాగే ఆడుతుంటాడు. అప్పుడు హైమావతి ఫస్టు పీరియడ్‌కి బయల్దేరుతోంది. బెల్లు కొట్టేశారు. నవ్వొచ్చింది, పద్నాలుగు అని కొట్టి, ఫోను సంచిలో పడేసి క్లాసుకి వెళ్ళిపోయింది. ఇరవయ్యో సెకను తర్వాత జనం మధ్యలోంచి తన మరిది మైకు ముందుకొస్తాడని ఆమెకేం తెలుసు? నా పేరు శ్రీకర్, నేను గే, ఉజ్వల్ అనే మనిషితో ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను, మాది నేరం కాదని కోర్టు చెప్పేసింది, ఇంట్లోవాళ్ళ చేత కూడా చెప్పించుకోవాలని ఉంది, ముందు మా వదినకి చెప్తాను, అని వాడు అంటాడని ఏం తెలుసు? వాడు పోయిన పదో రోజున, వాడి పాత మెసేజీలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పైకి వెళ్తే కనబడింది. వాడు బతుకంతా విప్పి చెప్పిన మూడు నిమిషాల నలభై సెకన్లు, దాని కింద తను పెట్టిన పద్నాలుగు.

ఇప్పుడు ఆమె ఆ రోడ్డు మీదే ఉంది, జనం తోసుకుంటూ పోతున్నారు, దూరంగా శ్రీకర్ మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు, కానీ మైకులోంచి వాడి మాట రావడం లేదు, కుర్చీ ఈడుస్తున్న చప్పుడే వస్తోంది. పేపర్ల కట్ట ఎప్పుడో జారిపోయింది. ఆమె మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్ళి వాడి చొక్కా పట్టుకుంది.

"శ్రీకరూ, ఒక్క మాట చెప్పురా. ఆ రోజు నీ మాట విని నవ్వేననుకున్నావా? నిన్ను చూసి నవ్వేననుకునే పోయేవా?"

వాడు మైకు దించాడు. చుట్టూ ఉన్న జనం పల్చబడిపోయి ఉతికి ఆరేసిన బట్టల్లా ఊగుతున్నారు.

"నన్నడిగితే ఎలా వదినా? నీకు తెలిసిందే నేను చెప్పగలను. నీకు తెలీనిది నా దగ్గరికెలా వస్తుంది?"

"మరెవర్నడగను?"

"నీ నంబరొచ్చినప్పుడు నా పక్కనెవరున్నారు?"

ఉజ్వల్. హాస్పిటల్ వరండాలో రెండు రోజులు అన్నం నీళ్ళు లేకుండా నిలబడితే, మాధవరావు చుట్టాలందరికీ రూమ్మేటని చెప్పి, శవం కదిలే ముందు చేతులు జోడించి పంపేసిన మనిషి. నాలుగు రోజుల కిందట ఆమెకి ఫోను చేశాడు. సంవత్సరీకానికి రావచ్చా అని, ఎవరితోనూ మాట్లాడను, వెనకాల ఎక్కడో కూర్చుని వెళ్ళిపోతాను అని. కనుక్కుని చెప్తానంది. ఎవర్నీ కనుక్కోలేదు. మళ్ళీ ఫోనూ చెయ్యలేదు.

"మీ అన్నయ్య ఏమంటారో అని..."

"అన్నయ్య మీదకి తొయ్యకు. అడిగేవా అన్నయ్యని?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

తప్పించుకుందామని చూసింది గాని రోడ్డు అక్కడితో అయిపోయింది. "ఉజ్వల్ వస్తే నేను అడక్కుండా ఉండలేనురా. అడిగితే నిజం చెప్పేస్తాడు. నువ్వు ఏడ్చేవని చెప్తే నేనేమైపోవాలి?"

అనేశాక ఆమెకే భయమేసింది. ఇన్నాళ్ళూ అత్తవారు, పరువు, బ్రాహ్మలేమంటారో అని పోగేసుకున్న సాకులన్నీ వట్టివని తన నోటితో తనే చెప్పేసింది. శ్రీకర్ ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, కుర్చీల చప్పుడులో ఒక్క ముక్కా వినబడటం లేదు, ఆమె చెవి వాడి నోటి దగ్గరగా పెట్టింది, ఇంకా దగ్గరగా, ఇంకా...

హైమావతి సోఫాలో లేచి కూర్చుంది. మధ్యాహ్నం మూడయింది. వాకిట్లో టెంట్ హౌస్ వాళ్ళు రేపటి సంవత్సరీకం భోజనాలకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు గచ్చు మీద బరబరా ఈడుస్తున్నారు, మాధవరావు పక్కన నిలబడి ఎక్కడెక్కడ వెయ్యాలో చూపిస్తున్నాడు. ఆమె మొహం కూడా కడుక్కోలేదు. కడుక్కుంటే ధైర్యం చల్లారిపోతుందనిపించి, ఫోను తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి ఉజ్వల్‌కి చేసింది.

"చెప్పండి మేడం," అన్నాడు మొదటి రింగుకే.

"ఒకటడుగుతాను, దాచకుండా చెప్పు. శ్రీకర్ ఆ మైకులో మాట్లాడిన వీడియో నాకు పంపితే నేను పద్నాలుగని పెట్టేను చూడు, అప్పుడు నువ్వు దగ్గరున్నావా?"

"ఉన్న మేడం."

"ఏమన్నాడు?"

"ఏం అనలే. ఫోన్ బోర్లేసిండు. తినకుండనే పండుకున్నడు." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఏడ్చిండు మేడం. మీరు అడిగిన్రు కాబట్టి చెప్తున్న."

ఏడాదిగా దేనికి భయపడిందో అది చెవిలో పడింది.

"నేను చూళ్ళేదయ్యా. మొదటి ముక్క చూసి క్లాసుకెళ్ళిపోయేను. వాణ్ణి చూసి నవ్వలేదు."

"నేను గదే చెప్పిన మేడం, చూసి ఉండరు, ఫోన్ చేసి అడుగు అని. ఒకవేళ చూసే నవ్విందంటే ఎట్లరా, నాకు వదిన కూడ పోతది, అడగను అన్నడు. తెల్లారి లేస్తనే మీకు కోతి వీడియో పంపిండు. అద్దాలు గుంజుకపోయే కోతి. మీరు నంబర్ పెట్టేదాంక ఫోన్ చేతుల్నే పట్టుకుని కూసున్నడు."

ఆ కోతి ఆమెకి గుర్తుంది. అంకె కూడా గుర్తుంది. అప్పుడు ఆమె ఇడ్లీ పిండి రుబ్బుతూ ఒక చేత్తో కొట్టింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. వాకిట్లో కుర్చీలు ఆగిపోయాయి, మాధవరావు ఇటే చూస్తున్నాడు.

"రేపు పదింటికల్లా వచ్చెయ్," అంది హైమావతి. "వెనకాల కాదు, వాడి ఫొటో దగ్గర కూర్చుందువుగాని."

"మేడం, అక్కడ మీ వాళ్ళు..."

"మేడమేంటయ్యా? వాడు నన్నేమనేవాడో నువ్వూ అదే అను."

"ఎవరు హైమా ఫోనులో?" అన్నాడు మాధవరావు. అతని వెనక టెంట్ హౌస్ వాళ్ళున్నారు, గోడవతల పక్కింటావిడ బట్టలు తీస్తోంది. ఆమె ఫోను చెవి దగ్గర్నించి తియ్యకుండానే, వాళ్ళందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఉజ్వలండీ. మన శ్రీకర్ ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి. రేపు మనింటికి వస్తున్నాడు."