తుప్పు పట్టని గడియ

శుక్రవారం చేతితొడుగులు ఉతకడం గ్లెనిస్ వంతు. వంతు అన్నాక ఇంకెవరి వంతో కూడా ఉండాలి కదా, అది మాత్రం లేదు. పదహారు మంది తోటపనివాళ్ళ తొడుగులు మట్టి పట్టి చెక్కల్లా బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని బకెట్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, వంటింటి వేడినీళ్ళ గొట్టం మీద ఆరేస్తుంది. కంపెనీ పేరు మొగుడిది, తొడుగులు కంపెనీవి, నడుంనొప్పి ఆమెది. ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలు రాయడం, పనివాళ్ళకి దెబ్బ తగిలితే కట్టు కట్టడం, ఇరవై రెండేళ్ళుగా అన్నీ ఆమే. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి జీతం మాట ఎత్తితే అత్తగారు ఎడ్నా పగలబడి నవ్వింది. "సొంతింటి పనికి జీతమేంటమ్మాయ్? రేపు టీ కలిపినందుకూ బిల్లు ఇస్తావా?" మొగుడు డెరిక్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలాంటిది కిందటి నెల డెరిక్ ఆమెకో పదవి ఇచ్చాడు. ఊళ్ళో పార్కులన్నిటి పనికీ కౌన్సిల్ ఐదేళ్ళ టెండరు పిలిచింది. కంపెనీలో గానీ, కంపెనీకి మొక్కలూ రాళ్ళూ అమ్మేవాళ్ళ దగ్గర గానీ ఎవరిచేతా బలవంతపు చాకిరీ చేయించడం లేదని హామీపత్రం ఇవ్వాలట. దాన్ని చూసుకోవడానికి ఒక బాధ్యుడో బాధ్యురాలో ఉండాలట.

"నీ పేరు రాశాను," అన్నాడు డెరిక్, చిప్స్ మీద వెనిగర్ చల్లుకుంటూ. "ఆడమనిషి పేరైతే చూడ్డానికి బాగుంటుంది. పెద్ద పనేం లేదులే. నిరుటి కాగితం మీద తారీఖు మార్చి సంతకం పెట్టెయ్."

ఇన్నేళ్ళు కాపురం చేసినా డెరిక్‌కి తెలియనిది ఒకటుంది. గ్లెనిస్‌కి చూడని పని చూశానని చెప్పడం చేతకాదు. బుధవారం తనే కారు వేసుకుని, మొక్కలిచ్చే ప్రాసర్ నర్సరీకి వెళ్ళింది. ఉత్త చేతులతో వెళ్ళడం ఇష్టంలేక, ఉతికిన పాత తొడుగులు ఆరు జతలు పట్టుకెళ్ళింది.

గాజుషెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు వంగి కుండీల్లో నారు పెడుతున్నారు. ఉత్త చేతులు. మందునీళ్ళకి వేళ్ళ సందులు పగిలిపోయి ఉన్నాయి. వాళ్ళలో పెద్దావిడ, స్నెజానా అనే బల్గేరియా మనిషి, తొడుగులు చూసి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పక్కనే నిలబడ్డ యజమాని ప్రాసర్ వైపు చూసింది.

"ఆయన్ని అడగాలి," అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మాట గ్లెనిస్‌కి బాగా తెలుసు. చెల్లెలు వేసవికి రెండ్రోజులు సముద్రం దగ్గరికి రమ్మన్న ప్రతిసారీ తను అనేది కూడా అదే. డెరిక్‌ని అడగాలి.

"తీసుకోండమ్మా తీసుకోండి. నేనేమన్నా రాక్షసుణ్ణా?" అని ప్రాసర్ బిగ్గరగా నవ్వాడు. ఆ ఆరుగురిలో ఒక్కరూ నవ్వలేదు.

వాళ్ళు పడుకునే చక్రాల ఇల్లు, పాత చెక్క కారవాన్, షెడ్డు వెనక ఉంది. "ఈ వేసవిలోనే కొత్త రంగు వేయించా మేడం, వీళ్ళని ఎంత బాగా చూసుకుంటానో రాసుకోండి," అన్నాడు ప్రాసర్. పచ్చరంగు తలుపు. తలుపుకి బయటవైపు ఇనప గడియ, తాళం వేసే కొక్కెం.

"ఇదెందుకండీ?"

"అదా? ఒకప్పుడు ఎరువు బస్తాలు పెట్టేవాళ్ళం. ఏళ్ళయింది, ఎవరూ దాని జోలికి పోరు."

గ్లెనిస్ తలూపింది. అయితే వాడని గడియ ఎలా ఉంటుందో ఇల్లు తుడిచే మనిషికి ఒకరు చెప్పాలా? వాళ్ళింటి వెనక కొట్టం గడియ తుప్పు పట్టి సుత్తితో కొట్టినా కదలదు. ఇది నున్నగా మెరుస్తోంది. కొక్కెం దగ్గర నూనె తడి ఇంకా ఆరలేదు. గడియ తిరిగిన మేరా పచ్చరంగు గీసుకుపోయి కింద చెక్క కనబడుతోంది. ఈ వేసవిలో వేసిన రంగు.

ఇప్పుడు శుక్రవారం మూడు దాటింది. నాలుగింటికి టెండరు గడువు. సంతకం లేని కాగితం టీ కెటిల్ పక్కన ఉంది.

"పెట్టావా?" అన్నాడు డెరిక్ లోపలికి వస్తూనే.

"ప్రాసర్ ఆ ఆడవాళ్ళని లోపల పెట్టి తాళం వేస్తున్నాడు."

"నీ కళ్ళతో చూశావా?"

"గడియ చూశాను."

"గడియట! గాలికి తలుపు కొట్టుకోకుండా పెట్టుకుని ఉంటాడు. వాడి మొక్కల ధర మీదే మన టెండరంతా నిలబడింది గ్లెనిస్. ఇది పోతే ఈ తొడుగుల వాళ్ళందరినీ ఇళ్ళకి పంపాలి. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళ కోసం మన కొంప ముంచుతావా?"

"పదవి ఇస్తే నెత్తికెక్కింది," అంది ఎడ్నా పక్కగదిలోంచి. డెరిక్ విసురుగా కారులోంచి ఫైలు తేవడానికి వెళ్ళాడు.

గ్లెనిస్ బకెట్ వైపు చూసింది. అందులో ఉన్న తొడుగుల్లో ఏది ఎవరిదో బొటనవేలి వంపు చూసి చెప్పగలదు. వాళ్ళ పిల్లల పేర్లు కూడా తెలుసు. పొరపాటు పడుతున్నానా? నిజంగానే గాలికేనా? గాలికైతే లోపలివైపు పెట్టుకుంటారు. భయం వేసింది, మామూలు భయం కాదు. డెరిక్ మొహం, బ్యాంకులో ఉన్న ఇంటి కాగితాలు, రేపటి నుంచి ఊళ్ళో మాటలు. సంతకం పెడితే ఇవేవీ ఉండవు. పొద్దు గూకగానే అక్కడ ఆ గడియ పడుతుంది, అంతే. తన కష్టమూ వాళ్ళ కష్టమూ ఒకటే అనుకునేంత తెలివితక్కువది కాదు గ్లెనిస్. తన తలుపు గడియ ఎప్పుడూ లోపలివైపే ఉంది, తీయనిది తనే. వాళ్ళది అలా కాదు. వాళ్ళది ఎవరో ఒకరు బయటినుంచి వచ్చి తీయాలి.

తడిచేతులతోనే ఫోన్ అందుకుని, బలవంతపు చాకిరీ కనబడితే చెప్పమని హామీపత్రం అడుగున అచ్చువేసిన హెల్ప్‌లైన్ నంబరు నొక్కింది. ఎవరో ఆడగొంతు పలికింది. గ్లెనిస్ నర్సరీ పేరు, దారి, ఆరుగురు, గడియ, రంగు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది.

"మీరెవరో చెబుతారా?" అంది ఆ గొంతు.

అప్పటికే డెరిక్ గుమ్మంలో ఉన్నాడు. మొహం పాలిపోయింది. "ఎవర్ని అడిగి చేస్తున్నావది?"

గ్లెనిస్ వెనక్కి తిరిగి, అతని కళ్ళలోకి చూస్తూ ఫోన్‌లోకి చెప్పింది.

"బాధ్యురాలిని."