పునాదిలో పడ్డ బిళ్ళలు

వానలు వెనకబట్టాయి కదా, పట్టుచీరలు కాస్త ఎండకు వేద్దామని ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున నా పాత పోపుల డబ్బా చేతికి తగిలింది. ఎత్తగానే తెలిసిపోయింది. కదిపితే గలగలమనాల్సింది, చప్పుడే లేదు. మూత తీస్తే లోపలి గిన్నెలన్నీ ఖాళీ.

అందులో నా నాణేలుండేవి. గురజాల బస్టాండు దగ్గర మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఆదివారాలు ఆయన అన్నానికి లోపలికెళితే గల్లాపెట్టె దగ్గర నేను కూర్చునేదాన్ని. మిరపకోతల నుంచి వచ్చే ఆడవాళ్ళు కొంగుముడి విప్పి బిళ్ళలు చేతిలో పోస్తే ఒంటి వేడి, మిరపకాయ ఘాటు కలిసి వచ్చేవి. తుమ్ముకుంటూనే ఏరేదాన్ని. తామరపువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు, అంచులు పువ్వులా వంకీలు తిరిగిన రెండు పైసలు. ఒకసారి ఒక ముసలామె మనవడి మొలతాడుకు కట్టిన చిల్లుకాణీ విప్పి, "బెల్లమియ్యి తల్లీ" అంది. నాన్న బెల్లం ఊరికే ఇచ్చి పంపబోతే ఆమె ఒప్పుకోలా. ఆ చిల్లుకాణీ నా అరచేతిలో పెట్టి నాన్న అన్నాడు: "ఇది నీది అమ్మాయ్. నేనడిగినా ఇయ్యమాక." నీది అని నాతో అన్న మొదటి మనిషి మా నాన్న. ఆ తర్వాత ఆ మాట ఎవరన్నారా అని ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

పెళ్లయి నరసరావుపేట వచ్చాక డబ్బా చూసి మా అత్తయ్య మహాలక్ష్మి గారు, "పోపుల డబ్బాలో ఈ తుప్పేందే?" అన్నారు. దాన్ని చీరల కింద దాచేశాను. పిల్లాడు చదువుకు వెళ్లి ఇల్లు బోసిపోయిన మధ్యాహ్నాల్లో తీసి, ఒక్కో బిళ్ళా కొంగుతో తుడిచి మళ్లీ సర్దేదాన్ని. ఆ కాసేపూ నేను ఎవరి భార్యనూ కాదు, ఎవరి కోడల్నీ కాదు, గల్లా దగ్గర కూర్చున్న పరమేశ్వరిని.

మధ్యాహ్నం మా ఆయన నాగభూషణం భోజనానికి వచ్చినప్పుడు అడిగాను.

"ఓ, ఆ బిళ్ళలా? కొత్తింటి శంకుస్థాపన రోజు పంతులుగారు పునాదిలోకి పాత నాణేలు కావాలన్నారు. అమ్మ తీసిచ్చింది."

"అన్నీనా?"

"లక్ష్మి గదా, ఎన్నుంటే అంత మంచిదన్నారు."

"నన్నొక మాట అడగలేదేం?"

"అడిగేదేముంది? ఇంట్లోయే గదా. ఏమే, ఇంకాస్త పప్పు వెయ్యి."

వేశాను. శంకుస్థాపన రోజు అక్కడ మంత్రాలు చదువుతుంటే నేను ఇక్కడ వచ్చినవాళ్ళందరికీ పులిహోర కలుపుతున్నాను. క్యారేజీలతో నేను వెళ్ళేసరికి గుంట పూడ్చేశారు. అందరూ బాగుందని తిన్నారు. కట్టబోయే ఇంటి ప్లాను ఆ రోజే మొదటిసారి చూశాను. ఆయనకు ఆఫీసు గది, అత్తయ్యకు గది, మా పిల్లాడు సాయిరామ్‌కు పైన గది. నాదేదని అడిగితే, "వంటిల్లు చూడు, ఎంత పెద్దదో" అన్నారాయన.

గిన్నెలు కడిగేసి ఆటోలో స్థలం దగ్గరకు వెళ్ళాను. అక్కడ కూలిపనికొచ్చే ఆరోగ్యమ్మ పైపు పట్టుకుని కొత్త స్తంభాలకు నీళ్లు కొడుతోంది. ఈశాన్యం మూలన తడిమట్టి మీద కూర్చుండిపోయాను.

"ఏందమ్మా, ఎండలో కూర్చున్నావ్?"

"నాయి కొన్ని దీని కింద పడ్డాయి ఆరోగ్యమ్మా. మా నాన్న ఇచ్చినయ్యి."

ఆమె పైపు పక్కన పడేసి వచ్చి స్తంభం మొదలు చూసింది. "ఇంక రావులే తల్లీ. దీన్ని కదిలిస్తే ఇల్లే నిలవదు."

ఓదార్పుగానే అంది. కానీ ఆ మాట నాలో ఎక్కడో కూర్చుంది. చెమ్మ చీరలోకి దిగుతున్నా లేవలేదు. మట్టి మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది. ఆ చిల్లుకాణీ ఏ పక్కకు ఒరిగి పడిందో, తామరపువ్వు పైకుందో కిందికుందో. ఇక ఎవరూ తుడవరు వాటిని. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆరోగ్యమ్మ అటు తిరిగి నీళ్లు కొట్టుకుంటూనే ఉంది, నేను ముఖం కడుక్కుంటానంటే పైపు నావైపు తిప్పింది.

సాయంత్రం కాఫీ గ్లాసు అందుకుంటూ ఆయన నా ముఖం చూశారు. "ఇంకా దాని గురించేనా? ఫోన్లో ఆర్డర్ పెడితే అట్టాంటివి చానా దొరుకుతాయి. ఏం కావాలో చెప్పు, తెప్పిస్తా."

"ఇంటి కాగితాల్లో నా పేరు కూడా ఎక్కించండి."

ఆయన నవ్వారు. ఆ నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.