సున్నపు తేటలో గుడ్లు

ఎండలు ముదరకముందే మా పెరటి కోళ్ళు పోటీలు పడి గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. పొద్దున ఆమ్లెట్లు, మధ్యాహ్నం కూర, సాయంత్రం ఉడకబెట్టినవి. పిల్లలు గుడ్డు పేరెత్తితే చాలు మొహం తిప్పుకునేవాళ్ళు. ఇరుగుపొరుగు కూడా "మొన్నిచ్చినవే ఉన్నాయమ్మా" అంటూ తలుపు సగమే తీసేవారు. లారీ మీద ఊళ్ళు తిరిగే మా ఆయన ఫోన్లో నవ్వేవాడు: "నేనొచ్చేసరికి ఇంట్లో మనుషులకి చోటుంటుందా?"

పాడయ్యేవి పారేద్దామన్నాను. "చేతులారా ఎలా పారేస్తామే అమ్మాయ్? సున్నపు తేటలో ఉంచితే నెలల తరబడి చెడవు. మా అమ్మ అలాగే దాచేది," అంది అత్తయ్య.

సున్నం మాట వినగానే నాకు మా నాన్న కన్ను గుర్తొచ్చింది. మా నాన్న గోడలకి సున్నాలు వేసేవాడు. ఒకనాడు కంట్లో చిందితే ఒకరు నూనె పొయ్యమన్నారు, ఇంకొకరు ఆకు పసరు పిండమన్నారు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆ కన్ను పాలగాజులా తెల్లబడిపోయింది. వెంటనే నీళ్ళతో కడిగి ఉంటే దక్కేదన్నారు.

"వద్దత్తయ్యా, దాంతో చెలగాటం వద్దు," అన్నాను.

"నీ కుట్టు నువ్వు చూసుకో. నేనేమైనా చిన్నపిల్లనా?"

ఆవిడ పట్టు పడితే ఉడుంపట్టే. నేను మిషను ముందు కూర్చున్నాను గానీ చెవులు పెరట్లోనే ఉన్నాయి. బక్కెట్టులో సున్నపు రాళ్ళు పడిన చప్పుడు, వాటిమీద నీళ్ళు పోసిన చప్పుడు, తర్వాత కుతకుత. ఆ వెంటనే కేక.

నేను వెళ్ళేసరికి అత్తయ్య రెండు చేతులతో మొహం కప్పుకుని నేలమీద ముడుచుకుపోయి ఉంది. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి నీళ్ళు కారుతున్నాయి. కోళ్ళు బెదిరి గోడెక్కాయి.

కళ్ళముందు మా నాన్న మొహం. "అమ్మాయ్, మంట! మంటే!" అన్న అరుపుతో ఈ లోకంలోకి వచ్చి, ఆవిడ చంకల కింద చేతులు వేసి కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. తల వంచి ధార కింద పెట్టాను. సున్నం పడిన కన్ను గట్టిగా మూసేసుకుంది. రెప్పలు వేళ్ళతో విడదీస్తుంటే నా చెయ్యి రక్కింది, మోచేత్తో కడుపులో పొడిచింది.

"చంపేస్తున్నావే!"

"తెరవండత్తయ్యా, మీకు దండం పెడతా, తెరవండి!"

కింది రెప్పలో సున్నపు పలుకులు కనిపించాయి. చీరకొంగు తడిపి, దాని కొసతో తీశాను. ఎక్కడ గీరుకుంటుందోనని ఒక్కొక్కటే, మెల్లగా.

కేకలు విని పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చారు. వస్తూనే బుట్టలోంచి ఓ గుడ్డు తీసి పగలగొట్టారు. "తెల్లసొన వెయ్యమ్మా, చలవ చేస్తుంది!"

"వద్దు!" అని అరిచాను. పెద్దావిడ మీద గొంతెత్తడం అదే మొదటిసారి. "గుడ్డు కాదు పిన్నిగారూ, నీళ్ళు! కుళాయి సన్నబడిపోతోంది. మీ ఇంట్లో ఎన్నుంటే అన్నీ తెండి!"

ఆవిడ బిత్తరపోయి, చేతిలో సొన నేలకేసి విదిలించి పరుగెత్తారు. కుళాయి ఆగిపోయేలోపే రెండు బిందెలు తెచ్చారు. తర్వాత ఆటో కూడా ఆవిడే పిలిచారు. దారి పొడుగునా అత్తయ్య తల నా ఒళ్ళో పెట్టుకుని, సీసాల్లో నింపుకున్న నీళ్ళు కంట్లో పోస్తూనే ఉన్నాను. మా ఇద్దరి బట్టలూ ముద్దయిపోయాయి. ఆవిడ అరుపులు ఆపేసింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"కనిపిస్తోందా అత్తయ్యా?"

"ఆ కంటికేం కనబడట్లేదే," అంది చిన్న గొంతుతో. "చెయ్యి వదలకు."

ఆసుపత్రిలో మళ్ళీ కడిగారు. కంటి డాక్టరమ్మ బయటికొచ్చి, "కడుగుతూ తీసుకొచ్చి మంచిపని చేశారు. కానీ దెబ్బ తగిలింది. కట్టు విప్పేదాకా చూపు గురించి మాటివ్వలేను," అంది. ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అత్తయ్య నిద్రలో ఉలిక్కిపడితే నేనూ ఉలిక్కిపడేదాన్ని. మా ఆయన వచ్చి కూర్చుని, తల్లి పాదాలు నొక్కుతుండేవాడు.

కట్టు విప్పారు. కన్ను చింతనిప్పులా ఉంది. డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. అత్తయ్య తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూడు," అంది చివరికి. "మంచు పట్టినట్టుంది గానీ, మూడే."

ఆ మసక పూర్తిగా పోదన్నారు. అయినా చూపు దక్కింది.

ఇంటికి తీసుకొచ్చి మంచమ్మీద పడుకోబెట్టాం. గట్టిపడిన సున్నం బక్కెట్టుతో సహా మా ఆయన ఎత్తుకెళ్ళిపోయాడు. మిగిలిన గుడ్లన్నీ పిన్నిగారు తీసుకెళ్ళి ఉడకబెట్టి వీధంతా పంచారు. ఈసారి ఎవరూ వద్దనలేదు.

అందరూ వెళ్ళాక, అత్తయ్య నిద్రపోయాక, గడపమీద కూర్చున్నాను. అంతవరకూ లేని వణుకు అప్పుడు పట్టుకుంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పిల్లలు ఏమైందమ్మా అని అడుగుతుంటే, ఏం లేదు నాన్నా అంటూ ఇద్దరినీ గట్టిగా దగ్గరికి లాక్కున్నాను.