మబ్బులో కుట్టు

మా ముందుగది గోడకి మా ఆయన పడుచు వయసు ఫొటో ఒకటుంది. చేతిలో కర్ర, వెనక మంచు శిఖరం, పక్కన జెండా. ఎడమ చెవికి పైన, మబ్బులో సన్నటి గీత. "అంత ఎత్తుకెళ్తే మబ్బు కూడా చీలి కనిపిస్తుందట" అని వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పేదాన్ని. పెళ్లిచూపుల్లో మా అత్తగారు ముందుగా చూపించింది ఆ ఫొటోనే. దర్జీ కుర్రాడు అంత పేరున్న కొండ శిఖరం ఎక్కాడంటే మా నాన్న మరో మాట అడగలేదు.

మా చెల్లెలి మొగుడూ వయసులో ఆ కొండకి వెళ్లినవాడే. "నడిమి మజిలీ దాకేనొదినా, ఆపైన ఊపిరాడక దిగొచ్చేశాను" అని పెళ్లయిన కొత్తలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక నేనూరుకుంటానా, సగం కొండ అని పేరు పెట్టేశాను. టీ పోస్తూ "సగం కొండ మరిదీ, గ్లాసు సగం చాలా, నిండుగా పోయనా?" అంటే ఇల్లంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు. మా కూతురి కూతురైతే మాటలొచ్చిన దగ్గర్నుంచీ అతన్ని సగం తాతయ్య అనే పిలుస్తుంది. నేర్పింది నేనే.

ఈ వేసవిలో కొండకి తీసుకెళ్లమని ఆ పిల్లే పట్టుబట్టింది. ఎవరు పిలిచినా మోకాళ్ల వంక చెప్పి తప్పించుకునే మా ఆయన, మనవరాలి దగ్గర ఆ వంక చెల్లక ఒప్పుకున్నారు. మేమిద్దరం, చెల్లీ మరిదీ, పిల్లా బస్సెక్కాం. కింద మాడు పగిలే ఎండ. మలుపులు తిరిగేకొద్దీ కిటికీలోంచి చల్లగాలి.

"తాతయ్యా, నువ్వు జెండా పట్టుకుని నిలబడ్డ చోటు ఇక్కణ్నుంచి కనిపిస్తుందా?" అని పిల్ల అడిగింది.

ఆయన "మబ్బుందమ్మా" అన్నారు. ఆకాశం అద్దంలా ఉంది.

నడిమి మజిలీలో బస్సు ఆగిపోయింది. ఆపైకి నడిచి ఎక్కేవాళ్లే వెళ్లాలి. అక్కడో టీ కొట్టు, ఉన్ని టోపీల బండి, చివర్న ఫొటోల కొట్టు. ఆ కొట్టు ముందు పెద్ద గుడ్డ తెర వేలాడుతోంది. తెర మీద మంచు శిఖరం, జెండా. ఓ కొత్త జంట కర్ర పట్టుకుని దాని ముందు నిలబడితే కొట్టువాడు ఫొటో తీస్తున్నాడు.

వాళ్లు తప్పుకున్నాక దగ్గరికెళ్లి చూశాను. మబ్బులో మాసిక. రంగు రాలిపోయి కుట్టు బయటపడింది. ముడి వెయ్యకుండా, దారాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి తెంపిన కుట్టు. ఆయన మిషను పక్కన కూర్చుని కాజాలు కుడుతూ ముసలిదాన్నయ్యాను, ఆ చెయ్యి నాకు తెలియదా?

వెనక్కి తిరిగాను. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే ఆయన భుజాలు తడుముకుంటున్నారు.

"తెర చిరిగిందంటే మా మేస్త్రీ నన్ను పంపాడు" అన్నారు గొంతు తగ్గించి. "కుట్టిపెట్టినందుకు ఫొటో తీసిచ్చారు. శిఖరం ఎక్కానని నేననలేదే. అమ్మంది. నువ్వన్నావు."

"కాదని కూడా అనలేదుగా మీరు."

ఇంతలో పిల్ల వచ్చి తెరకేసి చూసింది. "అమ్మమ్మా, ఇది మనింటి ఫొటోలో కొండలాగే ఉందే."

మరిది అడ్డం వచ్చాడు. "అది అసలుది తల్లీ. మీ తాతయ్య ఫొటో చూసే వీళ్లు ఈ బొమ్మ గీయించుకున్నారు. పద, నీకు ఉన్ని టోపీ కొంటా."

తడుముకోకుండా అంత మాట ఎలా అల్లాడా అని చెల్లెలి వైపు చూశాను. అది చూపు తిప్పుకుంది.

"మాకు తెలుసక్కా. మా ఆయన అప్పట్లోనే ఈ తెర చూశారు. మీ ఇంట్లో ఫొటో చూసిన రోజే నాకు చెప్పి, మీ బావ పరువు, ఎక్కడా అనకు అన్నారు."

ఆ రోజే. అంటే నేను పోసిన ప్రతి టీ, వేసిన ప్రతి ఎకసెక్కెం, అన్నీ తెలిసే మింగాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా ఆయన వాళ్ల వెనకే వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "చిన్నతాతయ్య నాకోసం అబద్ధం చెప్పాడమ్మా. ఆ ఫొటో ఈ తెర ముందు తీసిందే. నేను పైకి పోనేలేదు."

"ఇప్పుడెందుకన్నయ్యా ఇదంతా" అని మరిది తల దించుకున్నాడు, తప్పేదో తనదైనట్టు.

పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే నువ్వూ సగం తాతయ్యవేనా?"

"కాదమ్మా. తను సగమే ఎక్కానని చెప్పుకున్నాడు. నేనది కూడా చెప్పలేదు."

దిగే బస్సు కోసం బల్ల మీద కూర్చున్నాం. మరిదే లేచి వెళ్లి టీలు తెచ్చాడు. మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు.

"జాగ్రత్త వదినా, నిండుగా ఉంది."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తాగగలిగేదాన్ని.