బొట్టు పెట్టిన తీగ

నేను బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని, పేరుకు మాత్రమే. పోయిన ఎన్నికల్లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం ఇక్కడ గెలిచిన పార్టీకి డబ్బు మూటలు మోసింది. ఏడాది తిరక్కుండా రూలు మారింది. ఇప్పుడు తన బాయిలర్ బాగుందని యజమాని తానే రాసిచ్చుకుంటాడు. అతను పిలవనిదే మేం గేటు దాటకూడదు.

దసరా ముందు ఈరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త నర్సింహులు చందాపుర దగ్గర నంజప్ప అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ చూస్తాడు.

"ఆవిరి దండగైపోతాందని సేఫ్టీ వాల్వుకు తీగ కట్టేసినారు సార్. ప్రెజర్ ఎక్కువైనా అది తెరుసుకోదంట. పేలితే ముందర పొయ్యేది మా ఆయనే."

"పిలవకుండా నేను రాకూడదమ్మా."

"ఎల్లుండి ఆయుధపూజ కదా సార్. ఆ పొద్దు గేటు తీసే ఉంటాది. ఎవురొచ్చినా ప్రసాదం పెట్టి పంపిస్తారు."

ఇరవయ్యేళ్ల సర్వీసులో ఒక ఫ్యాక్టరీకి దొంగలా వెళ్లడం అదే మొదలు. యంత్రాలన్నీ ఆపి, కడిగి, చామంతి దండలు వేశారు. బాయిలర్ మీది దండ పక్కకు జరిపి చూశాను. తీగ నాలుగు చుట్లు చుట్టి ఉంది. దానికీ కుంకుమ బొట్టు పెట్టారు. నా ఒళ్లు మండిపోయింది.

పూజకు వచ్చిన ఎమ్మెల్యే బూడిద గుమ్మడికాయ కొట్టి వెళ్లాక యజమాని నంజప్పను పక్కకు పిలిచి తీగ సంగతి అడిగాను. ఆయన కోప్పడలేదు, నవ్వి ఫైలు తెప్పించాడు.

"పండగ దినం డ్యూటీ ఏంది సార్? అంతా బాగుండాదని సర్టిఫికెట్ ఉండాది, చూడండప్పా."

చూశాను. 'వాల్వు సక్రమంగా ఉంది, బాధ్యత నాది' అన్న మాట కింద నర్సింహులు సంతకం వంకరటింకరగా ఉంది. యజమాని బదులు బాయిలర్ చూసేవాడు సంతకం పెట్టినా చాలని కొత్త రూలులో వెసులుబాటు కూడా పెట్టారు. రేపు పేలితే చచ్చేదీ అతనే, దోషీ అతనే.

నర్సింహులు కొబ్బరిముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. తల ఎత్తలేదు.

"సంతకం పెట్టకపోతే పని పోతాదన్నారు సార్. మీరు పోండి. తెల్లారి బాయిలర్ నేనే ముట్టించల్ల."

ఆ తీగ విప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ నాకూ ఉద్యోగం ఉంది. చెయ్యి లేవలేదు, సిగ్గుతో బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర ఈరమ్మ కాచుకుని ఉంది.

"చూసినారా సార్?"

"చూశాను."

ఇంకేదో చెప్పబోయాను. ఆమె అప్పటికే రెండు చేతులూ జోడించింది.

"ఇన్‌స్పెక్టరు కంటితో చూసినాక ఇంగ బయమేముంది సార్! పిల్లోల్లకు చెప్తా," అంటూ నవ్వుకుంటూ బస్టాపు వైపు వెళ్లిపోయింది.